మునగవలసిన ఓడ

నేను ఒక ఓడను. నవ్వకండి. నాలుగున్నర అడుగుల పొడవు, ఇద్దరు పట్టుకుంటే గానీ లేవనంత బరువు, ముక్కు మీద తెల్లక్షరాలతో 'హిమబిందు' అని పేరు. ఇన్ని ఉన్నాక ఓడ కాక మరేమంటారు? చూడ్డానికి వచ్చినవాళ్లు బొమ్మ అంటారు. చదువుకున్నవాళ్లు నమూనా అంటారు. విచారణ కచేరీ పుస్తకంలో నా పేరు 'వస్తువు నంబరు పదిహేడు'. ఎవరేమని పిలిచినా నాకు కోపం లేదు. నాకు కోపం తెప్పించిన సంగతి వేరే ఉంది. అది చెప్పడానికే నోరు విప్పాను.

పుట్టింది చల్లటి దేశంలో, ఒక ఫ్యాక్టరీలో. పుట్టానంటే ఓడగా పుట్టలేదు. ముక్కలుగా పుట్టాను. సన్నటి చెక్కపట్టీలు, ఓడ పక్కటెముకల్లాంటి పలకలు, ఇత్తడి తీగలు, దారపుండలు, గోరంత మేకులు, అన్నీ కోసి, నంబర్లు వేసి, పొట్లాలు కట్టి, మంచం దుప్పటంత కాగితం మీద కట్టే పద్ధతంతా గీసి, ఒక పెద్ద అట్టపెట్టెలో సర్దారు. ఎవరింట్లో వాళ్లు కూర్చుని కట్టుకోవచ్చన్నమాట. దాన్ని కిట్ అంటారు. ఆ దేశంలో ఒకప్పుడు వందల కొద్దీ కట్టిన ఒక రకం చేపల ఓడకు నేను పదహారో వంతు. పెట్టె మీద నా బొమ్మ మహా అందంగా ఉండేది. నీలం సముద్రం, తెల్ల నురగ, డెక్కు మీద నవ్వుతున్న మనుషులు. పెళ్లిచూపులకి పంపే ఫోటోకీ దానికీ పెద్ద తేడా లేదు.

నన్ను కొన్నాయన వెంపటి సోమయాజులు గారు, ఓడల్లో ఇంజనీరు. ముప్పై ఏళ్లు నిజం ఓడల కడుపుల్లో నూనె మరకల మధ్య బతికిన మనిషికి మళ్లీ బొమ్మ ఓడ మీద మోజేమిటో నాకు అర్థం కాలేదు. మనుషులంతే. ఏడాది పొడుగునా తిట్టుకునే పనినే సెలవు రోజున సరదాకి చేస్తామంటారు. విశాఖపట్నంలో వాళ్లింటి అటక మీదికి ఎక్కించాడు నన్ను. సెలవుకి వచ్చినప్పుడల్లా దింపి, మూత తీసి, చెక్కల వాసన చూసి, "రిటైరవనీ, దీని పని పడతాను" అనేవాడు భార్యతో. రిటైరయ్యాడు. ఎండలు తగ్గనీ అన్నాడు. తగ్గాయి. వానలు వెళ్లనీ అన్నాడు. ఈలోగా ఆయన చేతులు వణకడం మొదలుపెట్టాయి. సూదిలో దారం ఎక్కించలేని చేతులు ఓడనేం కడతాయి? ఇత్తడి బిందెలకీ పాత కుక్కరుకీ మధ్య పదకొండేళ్లు పడున్నాను.

అటక దిగే యోగం నాకు తొమ్మిది మంది చావు వల్ల పట్టింది.

ఆ ఏడు కార్తీకమాసంలో తుఫానుకి 'హిమబిందు' అనే చేపల ఓడ మునిగిపోయింది. అది నా రకం ఓడే. ఆ చల్లటి దేశంలో ముసలిదై మూల పడ్డాక, వైకుంఠరావు అనే ఓనరు కొని తెచ్చి, దానికి కూతురి పేరు పెట్టుకున్నాడు. పేరు పెట్టి ఊరుకుంటే బాగుండేది. రెండు పనులు చేయించాడు. చేప ఎక్కువ నిలవ ఉంటుందని డెక్కు మీద ఎత్తుగా ఒక ఐసు గది కట్టించాడు. అది మొదటిది. ఇక డెక్కు చుట్టూ ఉండే గోడకి అడుగున కంతలుంటాయి. లోపలికి ఎక్కిన కెరటం ఎక్కినట్టే బయటికి జారిపోవడానికి వాటిని పెడతారు. ఆ నీటి కంతల్లోంచి రొయ్యలు జారిపోతున్నాయని ఇనప రేకులు పెట్టి వెల్డింగు చేయించేశాడు. అది రెండోది. రొయ్య బయటికి పోలేదు. తుఫాను రోజున నీరూ పోలేదు.

ఓడ నడిపిన సరంగు పేరు మసేను. అతనితో పాటు ఎనిమిది మంది. అందరిదీ ఒకటే పేట, ఒడ్డు మీద ఇరుకు సందుల్లో ఎదురెదురు ఇళ్లు. ఒక్క శవం కూడా ఒడ్డుకి రాలేదు. ఓనరు వైకుంఠరావు పేటకి వచ్చి, కళ్లు తుడుచుకుని, ఒకటే మాట చెప్పి వెళ్లాడు. "కంతలు మూయించిన మాట నిజమే. అందరూ మూయిస్తారు. దానికే ఓడ మునిగిపోతుందా? మీ సరంగు తాగి ఓడని కెరటానికి అడ్డంగా తిప్పాడు." చూసినవాడు ఎవడూ బతికి లేడు కనక కాదనేవాడూ లేడు.

దుఃఖంలో ఉన్నవాళ్లకి తిట్టుకోవడానికి దగ్గర్లో ఒక మనిషి కావాలి. ఓనరు మేడ దూరం. మసేను పెళ్లాం కొర్లమ్మ ఎదురింట్లోనే ఉంది. కొర్లమ్మ చేపల గంప దించితే పక్కనున్న ఆడవాళ్లు తమ గంపలు ఎత్తుకుని అవతలికి పోయారు. ఆటోలో చోటున్నా జరగలేదు. మూడో నెలలో ఎనిమిదిళ్లవాళ్లూ కలిసి ఒడ్డున దినం చేసుకుని, ఇసకలో ఎనిమిది ఆకులు వేశారు. మసేనుకి ఆకు వెయ్యలేదు. ఇద్దరు కొడుకుల్ని పోగొట్టుకున్న లోవమ్మ అనే ముసలామె అందరిముందూ అంది. "నా బిడ్డల్ని ముంచినోడికి నా సేత్తో మెతుకెట్టనే."

కొర్లమ్మ తండ్రి పోలయ్య. పడవలు కట్టే వడ్రంగి, నలభై ఏళ్ల అనుభవం. చావుకి నెల ముందే అల్లుడు ఆయనతో చెప్పుకున్నాడట. "మావా, కంతలు మూసీసినారు, డెక్కు మీద నీళ్లు నిలబడిపోతన్నాయి, నాకు భయంగుంది" అని. ఓడ ఎందుకు మునిగిందో తేల్చడానికి సర్కారు ఒక ఆఫీసరుని వేసింది. అల్లుడి మాటే పట్టుకుని తండ్రీ కూతుళ్లు పారిజాతం అనే లాయరు దగ్గరికి వెళ్లారు. కొర్లమ్మ ఆవిడతో ఏం అడిగిందో నేను తర్వాత చాలాసార్లు విన్నాను. "నాకు రూపాయి ఒద్దు లాయరమ్మా. ఓడే ముంచింది, మసేను కాదని ఆ ఆపీసరు కాగితం మీద రాస్తే సాలు. ఆ ఎనిమిదిళ్ల ఆడోళ్లూ నా మొకం సూసి మాటాడితే సాలు." ఆవిడ కోరింది అంతే.

విచారణాధికారి మరీ రాతి మనిషేం కాదు. కంతలు మూసి, ఐసు గది కట్టాక ఆ ఓడ నీళ్లు పడితే నిలబడుతుందా, తిరగబడుతుందా, కొలతలకి కట్టి చూపిస్తే చూస్తానన్నాడు. పారిజాతానికి మేనమామ అటక గుర్తొచ్చింది. ఆవిడ మేనమామే మన సోమయాజులు గారు.

ఆయన నన్ను దింపించి, వారం రోజులు వణికే చేత్తో లెక్కలు కట్టాడు. ఓడ బరువెంత, ఐసు గది బరువెంత, అది ఏ ఎత్తులో ఉంటుంది. నిజం ఓడకి ఎక్కడ బరువుందో నాకూ అక్కడే ఉంటే గానీ నీళ్లలో నా నడత దాని నడతలా ఉండదు. అందుకని నా పలకల మీద, డెక్కుకి నాలుగు వేళ్ల కింద, పెన్సిలుతో ఎర్రగీత గీసి, ఐసు గదీ, మూసిన కంతలూ, ఆ గీతా కట్టే కాగితం మీద కూడా గుర్తు పెట్టి, ఇంత సీసం సరిగ్గా ఈ గీత మీద పెట్టాలి అన్నాడు. అన్నది మేనకోడలితో. ఎందుకో కూడా చెప్పాడు, కానీ ఆవిడకి ఓడల సంగతి తెలీదు. గీత ఒక్కటే గుర్తు పెట్టుకుంది. ఆ తర్వాత పది రోజులకే ఆయనకి పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. మళ్లీ అడుగుదామంటే ఆ కారణం ఆయన నోట్లోనే ఉండిపోయింది.

కట్టేవాడు పోలయ్యే అని తెలిసినప్పుడు ఓనరు తరఫు లాయరు అడ్డు చెప్పలేదు. "చనిపోయినవాడి మామగారే కట్టనివ్వండి, మాకేం అభ్యంతరం లేదు. కాగితంలో ఉన్నది ఉన్నట్టు కట్టానని వేలిముద్ర వేస్తే చాలు" అన్నాడట నవ్వుతూ. అంత మర్యాదగా మాట్లాడేవాణ్ణి చూస్తే నాకు ఇప్పుడు ఒళ్లు జలదరిస్తుంది.

పోలయ్య ఇంటి పంచలో నా పెట్టె విప్పారు. ఆయన ముందుగా చేసిన పని, దుప్పటంత కాగితాన్ని మడిచి చూరులో దోపడం. "కాగితానికి నీళ్లు తెల్దమ్మీ" అన్నాడు కూతురితో. ఆయన జీవితంలో ఏ పడవనీ కాగితం చూసి కట్టలేదు. ఒక కన్ను మూసి, బారుగా చూసి, తుమ్మచెక్కని వేలి కణుపుతో కొట్టి, అది పలికిన పలుకుని బట్టి కట్టాడు. చివరికి కూతురు బతిమాలితే కాగితం మళ్లీ తీశాడు గానీ, దాన్ని చూసినంతసేపూ ఆయన మొహం ఎలా ఉండేదంటే, వంటింట్లో కోడలు పెత్తనం చేస్తుంటే చూస్తున్న అత్తగారిలా ఉండేది.

కానీ ఏం చేతులవి! మొరటువి, గోళ్లు పగిలినవి, ఎడమ చూపుడువేలు సగమే ఉంది. ఆ చేతులు నా పక్కటెముకల్ని ఒక్కొక్కటే నిలబెట్టి, జిగురు పెట్టి, దారంతో కట్టి, తడిగుడ్డలో ఒక పూట నానిన పట్టీల్ని వేడి కంచు చెంబు మీద మెల్లగా వంచి నాకు చుట్టాయి. ఒక్క పట్టీ విరగలేదు. కొర్లమ్మ పళ్లతో దారం పట్టుకునేది, అవతలి కొస లాగేది. పొద్దున్న గంప పట్టుకుని ఎవరూ కొనని చేపలతో వెళ్లి, ఎండెక్కేసరికి వచ్చి నా దగ్గర కూర్చునేది. నన్ను మొదటిసారి ప్రేమగా ముట్టుకున్నది ఆ తండ్రీ కూతుళ్లే. నాకు సిగ్గు లేకుండా సంతోషంగా ఉండేది. నేనెందుకు పుడుతున్నానో నాకు తెలుసు. మునగడానికి. అందరి ఎదటా తిరగబడి, మునిగి, ఒక చచ్చిపోయిన మనిషి మీద పడ్డ మచ్చ కడగడానికి. ఇంత మంచి పనికి ఏ ఓడ పుట్టింది చెప్పండి?

కిట్‌లో నా డెక్కు గోడకి నీటి కంతలు కోసే ఉన్నాయి. వాటిని మూయాలి. ఆ పని వచ్చిన రోజు పోలయ్య అన్నం తినలేదు. ఇత్తడి రేకు ముక్కలు కత్తిరించి పెట్టుకుని, ఒకటి పెట్టడం, తీసేయడం, పెట్టడం, తీసేయడం. "నీటికి దారి ఒగ్గని మేస్త్రీ మేస్త్రీయేటి?" అని తనని తనే తిట్టుకున్నాడు. చివరికి కళ్ల నీళ్లు పెట్టుకుని పన్నెండు కంతలూ మూసేశాడు. అల్లుడు ఈ రేకుల వెనకే ఊపిరాడక చచ్చిపోయాడన్నది ఆయన నమ్మకం. ఆయన లెక్కలో నేరమంతా కంతలదే. ఐసు గదిని కూడా కట్టి డెక్కు మీద నిలబెట్టాడు గానీ దాన్ని పెద్దగా లెక్కలోకి తీసుకోలేదు. అది సన్నటి చెక్కతో చేసిన ఖాళీ డబ్బా కదా. ఐసుతో నిండిన ఆ గది బరువు కూడా ఎర్రగీత మీది సీసంలోనే ఉందని ఆయనకి చెప్పినవాళ్లెవరు?

సీసం కావలసి వచ్చింది. కొర్లమ్మ లోపలికి వెళ్లి మసేను విసురు వల తెచ్చింది. వల అంచున దండలా గుచ్చిన సీసపు గుళ్లు కోసి, దోసిట్లో తండ్రికి ఇచ్చింది. ఆయన తూకం వేయించి, తక్కువైనవి బజారునుంచి తెప్పించి కరిగించి, దిమ్మలు పోశాడు. ఐసు గది ఉన్న డెక్కు పలకని ఇంకా నా మీద బిగించలేదు. దిమ్మల్ని ఎర్రగీత మీద సర్ది, కూతురి సాయంతో నన్ను వలలు నానబెట్టే సిమెంటు గోలెంలో దింపాడు.

నేను తూలాను. అటు కొంచెం, ఇటు కొంచెం, కల్లు తాగినవాడిలా. నిజం హిమబిందు అలాగే తూలేది. ఆ గీత గీసిన మహానుభావుడి లెక్క వెంట్రుకవాసి తప్పలేదు. నాకు ఒళ్లు పులకరించింది. కానీ పోలయ్య మొహం చూడాలి మీరు! ఎవరో చెంప మీద కొట్టినట్టయింది. నలభై ఏళ్లలో ఆయన చేతిలోంచి వచ్చిన ఏ పడవా నీళ్లలో తూలలేదు. ఆయన చెయ్యి దానంతట అదే లోపలికి వెళ్లింది. దిమ్మల్ని ఎర్రగీత మీదనుంచి తీసి, నా కడుపు అడుగున, దూలం పక్కన, వరసగా సర్దింది. నేను స్తంభంలా నిలబడ్డాను.

కొర్లమ్మ అడిగింది. "అయ్యా, గీత మీదే ఎట్టమంది గదేటి లాయరమ్మ?"

"బరువు పైనెడతారేటే ఎక్కడైనా? గీత గీసినోడు పొరపాటు పడ్డాడు. బరువు అడుగునుంటేనే పడవ. అదే సీసం, అదే తూకం. ఒక జానెడు కిందెడితే ఏటైపోద్ది?"

"మునుగుద్దంటావా మరి?"

"కంతలు మూసీసినాం గదమ్మీ. నీళ్లు ఎటుపోతాయి? మునుగుద్ది." కూతురితో కలిసి నన్ను పైకెత్తి ఆరబెడుతూ మళ్లీ అన్నాడు. "మునిగేదే అయినా సక్కగా నిలబడి మునగాల."

అయ్యవారిని చెయ్యబోతే కోతి అయిందంటారు లోకంలో. ఇక్కడ కోతినే చెయ్యమన్నారు, ఆయన అయ్యవారిని చేశాడు. నాకు అరవాలనిపించింది. అయ్యా తండ్రీ, నువ్వు నీ పనితనం ఒక్కరోజు పక్కనపెట్టు, ఒక్క తప్పుడు ఓడ కట్టు, నీ కూతురి మొహం చూడు అని. చెక్కకి నోరేదీ?

డెక్కు మూశారు. రంగు వేశారు. అప్పటికైనా ఒకసారి నీళ్లు పోసి చూసి ఉంటే తెలిసిపోయేది. కొర్లమ్మ అడిగింది కూడా, "ఒక్కపాలి గోలెంలో ఏసి సూసుకుందుమా అయ్యా" అని. కానీ అప్పటికే పోలయ్య నా ముక్కుకి పసుపు రాసి బొట్టు పెట్టేశాడు. వాళ్ల తాతల నాటి పట్టింపు ఒకటుంది. బొట్టు పెట్టిన పడవని నలుగురి ఎదట కొబ్బరికాయ కొట్టి దింపేదాకా నీళ్లు తగలనివ్వకూడదు. "బొట్టెట్టినాక తడిపితే ఇంటికి అరిష్టమమ్మీ" అన్నాడు. అసలైన అరిష్టం నా కడుపులోనే ఉందని ఇద్దరికీ తెలీదు. ఆ మర్నాడు ఆయన పారిజాతం గారి ఆఫీసులో కాగితం మీద వేలిముద్ర వేశాడు. కాగితంలో ఉన్నది ఉన్నట్టు కట్టాను అని.

విచారణ రోజు వచ్చింది. కచేరీ వెనక ఖాళీ స్థలంలో ఇటుకలతో పెద్ద తొట్టి కట్టించి నీళ్లు నింపారు. ఒక చివర ఇద్దరు కూలీలు పలక ఊపితే అలలు లేస్తాయి. ఒకవైపు కుర్చీల్లో అధికారి, ఓనరు, ఆయన లాయరు. ఇంకోవైపు ఎండలో పేట జనం. ఎనిమిదిళ్ల నుంచీ వచ్చారు. లోవమ్మ కర్ర పట్టుకుని ముందు నిలబడింది. తండ్రితో కలిసి నన్ను మోసుకొస్తున్న కొర్లమ్మ ఎదురుపడితే, ఏడు నెలల్లో మొదటిసారి ఆమెతో మాట్లాడింది. "ఓడదే తప్పని తేలిందనుకో, అందరి ముందూ నీ కాళ్లట్టుకుంటానే. నీ మొగుడికి నానే ఆకేస్తాను."

"తేలుద్దత్తా" అంది కొర్లమ్మ. 

నన్ను తూకం వేశారు. లెక్క ప్రకారం సరిపోయింది. ఎందుకు సరిపోదు? ఉండాల్సిన బరువంతా ఉంది. ఉండకూడని చోట ఉంది. పోలయ్య కొబ్బరికాయ కొట్టాడు. నన్ను నీళ్లలో దింపారు.

మొదటి అల వచ్చింది. ఒక కూలీ బకెట్టుతో నా డెక్కు మీద నీళ్లు పోశాడు. కంతలు మూసున్నాయి కనక నీళ్లు నిలబడిపోయాయి. నేను ఒక పక్కకి ఒరిగాను. జనం ఒక్కసారి "హా" అన్నారు. కొర్లమ్మ రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. నేను మునగాలని ఎంత తపించానో ఏం చెప్పను! లోకంలో ఓడలన్నీ మునగకుండా ఉండాలని మొక్కుకుంటాయి. తిరగబడనీ తల్లీ గంగమ్మా, ఒక్కసారి తిరగబడనీ అని మొక్కుకున్న ఓడని నేనొక్కదాన్నే అయ్యుంటాను. అడుగునున్న సీసం నన్ను పట్టి గుంజింది. నిటారుగా లేచాను. డెక్కు మీది నీళ్లు గోడ దాటి తొట్టిలో పడిపోయాయి.

రెండోసారి. ఇంకా పెద్ద అల, రెండు బకెట్లు. ఒరిగాను. లేచాను.

మూడోసారి అధికారే లేచొచ్చి దగ్గర నిలబడి పోయించాడు. ఈసారి నా డెక్కు అంచు నీళ్లకి తగిలింది. ఇంకొక్క వేలెడు, ఒక్క వేలెడు చాలు. లేదు. మళ్లీ లేచి నిలబడ్డాను. పోలయ్య చేతి పడవ తిరగబడదు.

 ఓనరు తరఫు లాయరు పోలయ్య దగ్గరికి వచ్చి రెండు చేతులూ జోడించాడు. "మీ పనితనం అద్భుతం పోలయ్య గారూ. కంతలు మూసినా ఇంత నిలకడగా ఉన్న ఓడ మునిగిందంటే, నడిపినవాడు ఎలా నడిపాడో మీరే చూపించారు."

పోలయ్యకి అప్పుడు అర్థమైంది.  తొట్టిలోకి దిగేశాడు, పంచె తడిసిపోతూ. నా డెక్కు మీద చెయ్యేసి అరిచాడు. "బావూ, ఆగండి! బరువు గీత మీద నేదు. నాను కిందెట్టినాను. తూలిపోతంటే సూడలేక కిందెట్టీసినాను. ఇది ఆ ఓడ కాదు బావూ, నా ఓడ. నాకు ఒక్క రోజు టైమివ్వండి, తీసి పైనెడతాను, మునుగుద్ది!"

లాయరు జేబులోంచి కాగితం తీశాడు. "కాగితంలో ఉన్నట్టే కట్టానని ఈ వేలిముద్ర ఎవరిది?"

"నాదే."

"అంటే అబద్ధానికి వేలిముద్ర వేశారా? లేక మునగలేదు కాబట్టి ఇప్పుడు అబద్ధం చెబుతున్నారా?"

ముందు నుయ్యి, వెనక గొయ్యి.  పారిజాతం గారు గట్టిగానే వాదించింది. నన్ను విప్పి చూడమంది, ఇంకోసారి పరీక్ష పెట్టమంది. అధికారి ఒప్పుకోలేదు. కట్టినవాడే ఒక పూటలో రెండు మాటలు చెప్పాక, మళ్లీ అతని చేత్తోనే మార్చి తెచ్చిన దాన్ని ఎలా నమ్మను అన్నాడు. అందులో అన్యాయం కూడా వెతకలేం, అదీ నా ఏడుపు. కారణాల దగ్గర రాసిన వాక్యం అందరికీ చదివి వినిపించారు. 'సరంగు అజాగ్రత్త వల్ల.'

లోవమ్మ కొర్లమ్మ ముందు నుంచే వెళ్లింది. ఉమ్మలేదు, తిట్టలేదు. తిట్టినా బాగుండేది. ఎండకి కొంగు నెత్తిన కప్పుకుని, పక్కనెవరూ లేనట్టు నడిచి వెళ్లిపోయింది. మిగతా జనం ఆవిడ వెనక నడిచారు. కొర్లమ్మ తొట్టి దగ్గరికి వచ్చి తండ్రి రెక్క పట్టుకుని బయటికి లాగింది. "రా అయ్యా. తడిసిపోనావు" అంది.  ఆయన దారి పొడుగునా "నా సేతులు అమ్మీ, నా సేతులు" అంటూనే ఉన్నాడట. పారిజాతం గారు ఫోనులో ఎవరితోనో చెబుతుంటే విన్నాను.

నాకు లక్క ముద్ర వేసి, చీటీ కట్టి, రికార్డు గదిలో పెట్టారు. ఫైళ్ల మధ్య రెండేళ్లు. కొత్తగా చేరిన గుమస్తాలు వచ్చి చూసి, "ఎంత బాగా కట్టాడ్రా" అని వేలితో నా పక్కలు తడుముతారు. ఒకాయన తన కొడుకు స్కూలు ప్రదర్శనకి అడిగి పట్టుకెళ్లబోతే పెద్ద గుమస్తా కేకలేశాడు. నా పని మెచ్చుకోని మనిషి ఇంతవరకూ నాకు ఎదురు కాలేదు. మెచ్చుకున్న ప్రతిసారీ మసేను ఇంకోసారి మునిగిపోతున్నాడని వాళ్లకి ఎలా తెలుస్తుంది?

మొన్న కేసు పూర్తిగా మూసేశారు. వస్తువులు ఎవరివి వాళ్లు పట్టుకుపొమ్మని చీటీలు పంపారు. కొర్లమ్మ ఒక్కతే వచ్చింది. పేటలో ఉండటం లేదు ఇప్పుడు. ఎక్కడో భీమిలి దగ్గర ఎండుచేపలు అమ్ముకుంటోంది. మనిషి సగమైంది. గుమస్తా నన్ను బల్ల మీదికి ఎత్తించి, గుడ్డతో దుమ్ము దులిపాడు. మంచివాడే.

"మీ నాన్న రాలేదేమ్మా?"

"మా అయ్య ఉలి ఒగ్గీసినాడు బావూ. సేతులు ఒళ్లో ఎట్టుకుని కూకుంటాడు. బువ్వ కూడా నానే తినిపించాల."

గుమస్తా పుస్తకం తెరిచాడు. "వస్తువు నంబరు పదిహేడు. ఇక్కడ సంతకం పెట్టమ్మా. ఇది మీ ఓడేనా?"

ఆవిడ నన్ను చూసింది. ముక్కు నుంచి వెనక దాకా, ఒక్కొక్క పట్టీ, తన పళ్లతో బిగించిన దారం ముడి దగ్గర కూడా ఆగి, చూసింది. నన్ను తీసుకెళ్లు తల్లీ, పొయ్యిలో పెట్టు, ఒక పూట అన్నానికి పనికొస్తాను అని నేను బతిమాలుకున్నాను.

"కాదు బావూ" అంది. "మాది మునిగిపోనాది."

గంప నెత్తికెత్తుకుని మెట్లు దిగి వెళ్లిపోయింది.  గుమస్తా నా నంబరు ఎదురుగా 'హక్కుదారు లేరు' అని రాసి, నన్ను మళ్లీ లోపల పెట్టించాడు.